చెత్తకు సబ్సిడీ, చెత్తకు జరిమానా

ఆదివారం భోజనాలయ్యాక మన మెస్ వెనకాల గుంత చూశారా? అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు. వాటి చుట్టూ కుక్కలు, పందులు. అవే గాలి చొరని తొట్టెలో వేస్తే కంటికి కనబడని సూక్ష్మజీవులు తిని మీథేన్ అనే గ్యాసును వదులుతాయి. అది పొయ్యిలో నీలం మంటతో మండుతుంది. మిగిలిన జావ పొలానికి ఎరువు. ఊళ్ళలో గోబర్ గ్యాస్ అనేది ఇదే.

దీనికోసం కేంద్ర ప్రభుత్వం 1981-82 లోనే జాతీయ బయోగ్యాస్ పథకం పెట్టి, ప్లాంటు కట్టుకున్నవారికి సబ్సిడీ ఇచ్చింది. తర్వాత ఎస్సీ, ఎస్టీలకు మిగతావారికన్నా కొంత ఎక్కువ ఇచ్చారు. అయితే ఒక ఘనపు మీటరు గ్యాసుకు రోజూ సుమారు 25 కిలోల పేడ కావాలి. సబ్సిడీ కట్టడానికే వస్తుంది గాని పేడ ఎత్తడానికి రాదు గదా! పశువులను అమ్ముకున్న ఇంట్లో ఆ తొట్టె ఉత్తదే.

పట్నాల సంగతి ఇంకా చిత్రం. 2003లో షాద్‌నగర్ దగ్గర, విజయవాడలో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టారు. ఒక్కొక్కటి సుమారు 6 మెగావాట్లు. మన చెత్తలో తడి, మట్టి ఎక్కువ, సరిగా మండదు. రెండూ తర్వాత మూతపడినవి. ఇలాంటి ప్లాంట్లకిచ్చే సబ్సిడీని 2005లో సుప్రీంకోర్టు ఆపించింది. 2007లో 5 ప్రయోగాత్మక ప్లాంట్లకు మాత్రం ఒప్పుకున్నది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మాత్రం పని నడిచింది. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల కరెంటు వచ్చేది. అక్కడ వచ్చేదంతా ఒకే రకం తడిచెత్త, వేరు చేసే బాధ లేదు. అసలు కిటుకు అదే అని నాకనిపిస్తుంది.

ఇక జరిమానా. 2016 నియమాలు తడి, పొడి వేరు చేయకుండా ఇస్తే, రోడ్డు మీద పారేస్తే ఫైన్ వేసే వీలిచ్చినవి. మనుషులకే కాదు, సర్కారుకు కూడా పడింది! చెత్తను, మురుగునీటిని శుద్ధి చేయలేదని 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణ రాష్ట్రానికి సుమారు 3,800 కోట్ల రూపాయలు విధించింది. ఆ డబ్బు వేరే ఖాతాలో వేసి ఆ పనికే ఖర్చు పెట్టాలన్నది.

మన వరంగల్‌కు వేరు చేసుడు కొత్త కాదు. 2012 అక్టోబరులో ఇక్కడ క్లీన్ సిటీస్ పోటీ జరిగినప్పుడు ఇంటింటికీ తిరిగి తడి, పొడి విడిగా తీసుకున్నారు. మనం ఒక్క మెస్‌లో చేయలేమా?

వార్డెన్ సార్‌కు విన్నపం: ప్లేట్లు కడిగే కాడ రెండు డ్రమ్ములు పెట్టించండి. ఒకదాంట్లో అన్నం, తొక్కలు. రెండోదాంట్లో కవర్లు, కాగితాలు. ఎండాకాలం సెలవుల్లో మెస్ ఉండదు, మరి ప్లాంటుకు తిండి ఎట్లా అని సైన్స్ సార్‌ను అడిగాను. పేడ వేయాలన్నారు. ఎవరు తేవాలో ఇంకా తేలలేదు.