పైసలు రావడానికి పిన్ ఎందుకు?

షోలాపూర్ తూర్పు పేటల్లో మా బడి పిల్లల ఇళ్లకు వెళ్తే ఒక సంగతి దాదాపు అన్ని చోట్లా కనిపిస్తుంది. ఫోను అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. దాన్ని చదివేది మాత్రం ఆరో, ఏడో తరగతి పిల్లలే. బ్యాంకు సందేశం ఇంగ్లిషులో వస్తుంది. కార్పొరేషన్ నోటీసు మరాఠీలో వస్తుంది. ఫోను చేసినవాడు హిందీలో మాట్లాడతాడు. ఇంట్లో మాటేమో తెలుగు. సాంచాల దగ్గర పొద్దంతా నిలబడి వచ్చిన తండ్రి, బీడీల చాట ముందు నుంచి లేవడానికి తీరిక లేని తల్లి, "ఏమొచ్చిందో చూడు బిడ్డా" అని ఫోను వాళ్ల చేతికే ఇస్తారు. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. భాష పేరు మారినా ఈ పేజీ చదివే చాలా ఇళ్లలో ఈ ఏర్పాటు కొత్తది కాదనుకుంటాం. యానాంలో ఆఫీసు మాట తెలుగే అయినా బ్యాంకు సందేశం అక్కడా ఇంగ్లిషే కదా.

ఫోను మోసగాళ్లు ఇంట్లోకి వచ్చేది ఈ దారినే.

మా బడిలో జరిగింది చెబుతాం. బీడీలు చేసే ఒక తల్లికి మధ్యాహ్నం పూట ఫోను వచ్చింది. విద్యాశాఖ నుంచి మాట్లాడుతున్నామన్నారు. పిల్లవాడి పేరు, తరగతి, బడి పేరు తప్పు లేకుండా చెప్పారు. స్కాలర్‌షిప్ మంజూరైంది, ఖాతాలో పడటం లేదు, ఇప్పుడు పంపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే వెంటనే పడుతుందన్నారు. తల్లికి ఆ హిందీ సగమే అర్థమైంది. మిగతా సగం కొడుకు తెలుగులో చెప్పాడు. ఆమె పిన్ చెప్పింది, వాడు కొట్టాడు. తొమ్మిది వేలు పోయాయి. "పొరపాటున కట్ అయింది, వెనక్కి పంపుతున్నాం" అంటూ మళ్లీ కొట్టించారు. మరో తొమ్మిది వేలు. తండ్రికి తెలిస్తే కొడతాడని తల్లీకొడుకులు మూడు రోజులు నోరు విప్పలేదు. తెలిశాక "నీ చదువు ఇందుకేనా?" అన్న మాట పడింది. ఆ పిల్లవాడు ఆరు రోజులు బడికి రాలేదు. మేం ఇంటికి వెళ్తే తల్లి అన్నది ఒక్కటే: "పైసలు వస్తయన్నడు సార్, ఉన్నయే పోయినయి."

ఈ ఎర ఎందుకు పనిచేస్తుందో మా అందరికీ తెలుసు. స్కాలర్‌షిప్ అబద్ధం కాదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయం తరగతిని బట్టి ఏడాదికి 1,000 రూపాయల నుంచి 25,000 రూపాయల దాకా ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైన పిల్లలకు ఎన్ఎంఎంఎస్ కింద ఏడాదికి 12,000 వస్తాయి. రెండిటికీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి. పెట్టాక నెలల తరబడి ఎదురుచూపు. "ఎప్పుడొస్తయి సార్?" అని బడి గేటు దగ్గర అడిగే తల్లుల్లో ఎవరికి ఫోను వచ్చినా నమ్మేస్తారు. దాన్ని అమాయకత్వం అనడం మాకు నచ్చదు. ఎదురుచూస్తున్న దాని గురించే ఫోను వస్తే ఎవరైనా చెవి పెడతారు.

నిజమైన స్కాలర్‌షిప్ సొమ్ము ఆధార్‌తో ముడిపడ్డ బ్యాంకు ఖాతాలో నేరుగా పడుతుంది. దానికి ఎవరూ ఫోను చేసి కోడ్ పంపరు. యూపీఐ పిన్ మన ఖాతా నుంచి డబ్బు బయటికి పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి మాత్రమే. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిస్తే మా పిల్లవాడికి వచ్చినలాంటి ఫోను అక్కడే ఆగిపోతుంది.

ఓటీపీ సంగతి కొంచెం చిక్కు. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని గోడల మీద రాస్తారు. కానీ దరఖాస్తు నింపేటప్పుడు నెట్ సెంటర్ కుర్రాడు ఓటీపీ అడుగుతాడు, చెప్పక తప్పదు. అలా చెప్పి చెప్పి మన తల్లులకు అది అలవాటైంది. అందుకని మేం తల్లిదండ్రుల సమావేశంలో మాట మార్చి చెబుతున్నాం. మీరు మొదలుపెట్టిన పనికి, మీ కళ్లెదుట వచ్చిన ఓటీపీ వేరు. మీరేమీ చేయకుండా వచ్చిన ఓటీపీ వేరు. రెండోది వచ్చిందంటే ఎవరో మీ తలుపు తాళం తిప్పుతున్నట్టే. ఓటీపీ దేనికోసమో సాధారణంగా ఆ సందేశంలోనే రాసి ఉంటుంది. ముందు అది చదివించండి.

తెలుగు పీరియడ్‌లో ఐదు ఇంగ్లిషు మాటలు

ఈ ఏడాది ఏడో తరగతి తెలుగు పీరియడ్‌లో వారానికోసారి పది నిమిషాలు ఇంటి ఫోన్లకు వచ్చే సందేశాలు చదివిస్తున్నాం. పిల్లలు కాగితం మీద రాసుకొస్తారు, ఖాతా నంబర్లు వదిలేసి. ముందు ఐదు మాటలు నేర్పాం: క్రెడిటెడ్ అంటే జమ అయింది. డెబిటెడ్ అంటే పోయింది. పే అంటే నువ్వు ఇస్తున్నావు. రిక్వెస్ట్ అంటే ఎవరో అడుగుతున్నారు. ఫార్వర్డ్ అంటే నీకు రావలసింది ఇంకొకరికి పోతుంది. మొదటి రెండూ వినడానికి ఎంత దగ్గరగా ఉంటాయో! ఒక అమ్మమ్మ రెండేళ్లుగా రెండిటికీ ఒకటే అర్థం అనుకుందట.

సందేశం ఎవరి నుంచి వచ్చిందో చూడటం తర్వాతి పాఠం. బ్యాంకు సందేశం పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, ఇంగ్లిషు అక్షరాల పేరుతో వస్తుంది. ఇప్పుడు ఆ పేరు చివర ఒక అక్షరం కూడా ఉంటోంది: టీ అంటే లావాదేవీ, ఎస్ అంటే సేవ, పీ అంటే ప్రచారం, జీ అంటే ప్రభుత్వం. "మీ ఖాతాలో పొరపాటున 20,000 వేశాను, వెనక్కి పంపండి" అని ఏడ్చేవాడి సందేశం మామూలు నంబరు నుంచే వస్తుంది. ఖాతా చూస్తే పైసా పడి ఉండదు.

వాట్సాప్‌లో వచ్చే పెళ్లి పత్రిక సంగతి పిల్లలే మాకు చెప్పారు. పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, ఫోనులో చేరి సందేశాలు దొంగకు చేరవేసే యాప్ కావచ్చు. ట్రాఫిక్ చలాన్ పేరుతోనూ ఇదే వస్తోంది. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవొద్దు, వాళ్ల ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు. "పార్సిల్ కోసం స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు కొట్టండి" అంటే మీ కాల్స్ వాడికి మళ్లించడమే. కొట్టేసి ఉంటే రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ హ్యాష్ డయల్ చేస్తే మళ్లింపు రద్దవుతుంది.

పోయాక మొదటి గంట

డబ్బు పోతే 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకకముందే ఆపే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 1930లో ఎత్తేవాళ్లు తెలుగులో మాట్లాడతారన్న భరోసా మన రాష్ట్రాల్లో లేదు. కంగారులో మనకు వచ్చిన మరాఠీ కూడా నోటికి రాదు. అందుకే మా పిల్లలతో ఒక కాగితం మరాఠీలో, హిందీలో రాయించి ఇంట్లో అతికించమన్నాం: పేరు, బ్యాంకు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు. ఖాళీలు నింపి చదివితే చాలు.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, పిన్, ఓటీపీలాంటివి మనమే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలియజేసే దాకా పోయింది మన నష్టమే. తెలియజేశాక పోయేది బ్యాంకు భరించాలి. మన తప్పేమీ లేకుండా మూడో వ్యక్తి వల్ల పోతే, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మనది కాదు. మా పిల్లవాడి ఇంట్లో ఆ మూడు రోజులు భయంలో గడిచిపోయాయి. 1930కి నాలుగో రోజు చేశారు. ఒక్క రూపాయి తిరిగి రాలేదు. తండ్రులకు మేం చెప్పేది ఇదే. పిల్లవాడు తప్పు చేశాడని అప్పుడే తిట్టకండి. తిడతారని భయముంటే వాడు ఈసారి అసలే చెప్పడు. వాడు చదివి చెప్పకపోతే ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెద్ద తరగతుల పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుంది. "ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు ఇంత ఇస్తాం" అని అడిగేవాళ్లు కాలేజీ గేట్ల దగ్గరే తిరుగుతున్నారు. మోసం సొమ్ము ఆ ఖాతా గుండా పోతే పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంటికే. ఖాతా స్తంభిస్తుంది, అసలు స్కాలర్‌షిప్ కూడా అందులోనే ఇరుక్కుంటుంది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఫోన్లు తెమ్మన్నాం. చెల్లింపుల యాప్‌లు చాలావాటిలో భాష తెలుగుకు మార్చుకోవచ్చు. ఏడో తరగతి పిల్లలు వరుసగా కూర్చుని ఒక్కొక్కరి ఫోనూ మారుస్తారు. పిన్ మాత్రం తల్లులే కొడతారు, పిల్లలు అటు తిరిగి కూర్చుంటారు.