వ్యాసపీఠం మీద ట్యాబ్లెట్

డబ్బా విప్పిన పావుగంటకు నాన్న అడిగిన మొదటి ప్రశ్న: ''దీనికి తెలుగు వచ్చా?'' ప్రాసెసర్ వేగమెంత, ర్యామ్ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అంటూ వారం రోజులు దుకాణాల చుట్టూ తిరిగిన నేను ఆ ఒక్కటీ కనుక్కోలేదు.

ఆయనకు 79 ఏళ్లు. తెనాలిలో హైస్కూలు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. రెండేళ్లుగా కంటి వెనక రెటీనా మధ్యభాగం దెబ్బతింటూ వస్తోంది. చుట్టుపక్కల అంతా కనిపిస్తుంది. సూటిగా చూసిన అక్షరమే చెదిరిపోతుంది. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చెప్పేశారు. బాగా పెద్ద అక్షరాలైతే చదవగలరు కానీ పత్రికల్లో ఆ సైజులో ఉండేవి శీర్షికలే. ఏడాదిగా ఆయన పేపరు చదవడమంటే శీర్షికలు చూసి మడిచి పక్కన పెట్టడమే. అందుకే పదంగుళాల పైచిలుకు తెర ఉన్న ఈ ట్యాబ్లెట్, పద్దెనిమిది వేలకు. కంపెనీ పేరు ఇక్కడ అప్రస్తుతం. ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే తానులో ముక్కలు.

మాస్టారి ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. విద్యార్థుల కోసం చౌక ట్యాబ్లెట్ అంటూ 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన 'ఆకాశ్' గుర్తుందా? డాటావిండ్ సంస్థ దాన్ని బిగించింది హైదరాబాద్‌లోనే. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. అదే ఏడాది జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐప్యాడ్ ధర 27,900 రూపాయల నుంచి మొదలైంది. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్ చూసి ఆకాశ్ నత్తనడక మీద అప్పట్లో చాలామంది జోకులేశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. అందులోని ఆండ్రాయిడ్ 2.2కు తెలుగు లిపి రాదు. ఆ వెర్షన్‌లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు వరుసకట్టేవి. యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కిన తెలుగు, ఆండ్రాయిడ్‌లోకి అడుగుపెట్టింది 2012లో, 4.1 వెర్షన్‌తో.

ఈ ట్యాబ్లెట్‌కైతే తెలుగు వచ్చు. మెనూలు సైతం తెలుగులోకి మార్చుకోవచ్చు. మార్చి చూపించాను. ఆయన రెండు నిమిషాలు చూసి, ''ఇంగ్లీషే నయం, అర్థమవుతుంది'' అన్నారు.

తొలిరోజు చిక్కంతా వేలితోనే వచ్చింది. నాన్న బొమ్మల్ని కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కుతారు. గట్టిగా, కాసేపు అలాగే ఉంచి. యంత్రం భాషలో దానికి అర్థం వేరు. వేలు అలా నిలిపితే 'తెరువు' అని కాదు, 'దీన్ని జరపాలా, తీసేయాలా' అన్న మెనూ వస్తుంది. సాయంత్రానికి సగం బొమ్మలు చోటు మారాయి, రెండు మాయమయ్యాయి. పైగా ఆయన వేళ్లు పొడిబారి ఉంటాయి. నేటి తెరలు ఒత్తిడిని లెక్కచేయవు, వేలు తగిలినప్పుడు విద్యుదావేశంలో వచ్చే చిన్న మార్పును పసిగడతాయి. పొడి చర్మం వాటికి ఒక్కోసారి ఆనదు. ఆకాశ్‌ది పాత పద్ధతి తెర. నొక్కితే రెండు పొరలు ఒకదానికొకటి తగలడం వల్ల పనిచేసేది, గోటితో నొక్కినా పలికేది. ఆయన వేలికి సరిపడే తెర తెలుగు రానిదానికి ఉండేదన్నమాట!

అయితే విరుగుడు ఉంది. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్తే వేలు ఎంతసేపు ఉంచితే 'నొక్కి పట్టినట్టు' లెక్కో ఆ వ్యవధిని పెంచుకోవచ్చు. పెద్దవాళ్లకు ట్యాబ్లెట్ కొనిచ్చేవారు మొట్టమొదట చేయాల్సిన పని ఇదే. డబ్బాతోపాటు వచ్చిన కాగితంలో మాత్రం దీని ఊసే లేదు.

అసలు పరీక్ష రెండో రోజు. ఆయన రోజూ తెప్పించుకునే పత్రిక ఈ-పేపరు తెరిచాను. పేజీ మొత్తం కళ్లముందు ప్రత్యక్షం. నాన్న ముఖం వెలిగింది. అక్షరం పెద్దది చేయగానే ఆ వెలుగు ఆరిపోయింది. ఈ-పేపరు పేజీ నిజానికి ఫొటోలాంటిది. అక్షరం పెరిగితే వాక్యం తెర దాటిపోతుంది. ఒక వరుస చదవాలంటే పేజీని ఎడమకు లాగాలి, మళ్లీ మొదటికి తేవాలి, కింది వరుస వెతుక్కోవాలి. నాలుగు వాక్యాలయ్యాక, ''ఇదేదో గానుగెద్దు వ్యవహారంలా ఉందిరా'' అని వదిలేశారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలున్నాయని గొప్పగా చెప్పి ఒకటి తెరిచాను. అవీ స్కాన్ చేసిన బొమ్మలే. అదే తంతు. పద్దెనిమిది వేలు బూడిదలో పోసినట్టేనా అన్న అనుమానం అప్పుడే మొలిచింది. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మూడో రోజు తెలుగు వికీసోర్స్‌లో 'కన్యాశుల్కం' దొరికింది. తేడా ఏమిటంటే అక్కడున్నది బొమ్మ కాదు, పాఠం. ఔత్సాహికులు పుటల్ని అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది పెట్టినది. అక్షరం పెంచినకొద్దీ వాక్యం తనంతట తానే మడత పడి కింది వరుసలోకి దిగుతుంది. తెరకు పది వరుసలు కూడా పట్టనంత పెద్దవి చేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టాను. ఆయన ముందు పెదాలతో, తర్వాత గొంతుతో చదవడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. గిరీశం మాటలకు పాఠం చెప్పే రోజుల్లో లాగే నవ్వారు.

ఇరవై నిమిషాలకు చేతులు లాగాయి. అర కిలో బరువు కొన్నప్పుడు తెలియదు, పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. ఆయన లేచి అటక మీది వ్యాసపీఠం దింపమన్నారు. తాతయ్య భాగవతం పెట్టుకుని చదివిన టేకు పీట. దుమ్ము దులిపి ట్యాబ్లెట్‌ను దానిమీద ఆనించారు. స్టాండుతో ఉన్న కవరుకు పన్నెండు వందలు ఖర్చుచేసిన నేను నోరు మూసుకున్నాను.

వినిపించే సదుపాయం మాత్రం ఆయనకు నచ్చలేదు. తెలుగు వచనాన్ని యంత్రం తప్పుల్లేకుండానే చదువుతుంది. పద్యం దగ్గరకొచ్చేసరికి వార్తలు చదివినట్టు చదివేస్తుంది. ''యతి దగ్గర ఆగవేమిరా!'' అని ట్యాబ్లెట్‌నే గద్దించారు. చేతిరాతను అచ్చు అక్షరాలుగా మార్చే సౌకర్యం ఇంకాస్త మెరుగు. ఆయన గొలుసుకట్టు రాతకు తికమక పడింది కానీ, పిల్లలకు బోర్డు మీద రాసినట్టు విడివిడిగా రాస్తే ఒత్తులతో సహా పట్టేసింది. మొదట రాసిన మాట 'జ్ఞానం'. నాకు 2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది. 'జ్ఞా' కనిపించగానే ఐఫోన్లు, ఐప్యాడ్‌లలో యాప్‌లు కుప్పకూలిన నెల అది. ఆపిల్ సంస్థ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఈ కథ చెబితే నాన్న అరగంట ఆనందించారు.

నేను హైదరాబాద్ వచ్చేసి మూడు వారాలైంది. ఈ-పేపరు జోలికి ఆయన పోవడం లేదు. వార్తలు పత్రిక వెబ్‌సైట్‌లోనే పెద్దక్షరాల్లో చదువుతున్నారట. రెండుసార్లు పాస్‌వర్డ్ మరిచిపోయారు, దాన్నిప్పుడు పంచాంగం వెనక అట్ట మీద రాసిపెట్టారు. అది మంచి పద్ధతి కాదని చెప్పబోయి మానేశాను. నిన్న రాత్రి ఫోన్ చేస్తే అమ్మే ఎత్తింది. ''మీ నాన్న నాలుగో అంకంలో ఉన్నారు, తర్వాత చెయ్యి'' అని పెట్టేసింది.