సముద్రజీవుల పేర్లు – ఆంగ్లబోధన

ఒడిశాలోని గంజాము తీరమందలి తెలుగు జాలరుల పిల్లలు బడికి రాకమునుపే సొరను, పీతను, రొయ్యను ఎరుగుదురు. ఆంగ్లము నేర్పునపుడు వారికి జీవిని పరిచయము చేయ నక్కరలేదు. పేరు చెప్పిన చాలును. కాని ఆ పేరే కొన్నియెడల తప్పుదారి పట్టించును. ‘స్టార్‌ఫిష్’, ‘జెల్లీఫిష్’ అనువానిలో ‘ఫిష్’ ఉన్నను అవి చేపలు కావు. వానికి వెన్నెముక లేదు. తెలుగున తాబేలన్న ఒక్క మాట చాలినచోట, ఆంగ్లము నేలపై తిరుగుదానిని ‘టార్టాయిస్’ అనియు, ఋషికుల్యా ముఖమున గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేటిని ‘టర్టిల్’ అనియు వేరుచేయును. కావున మొదట ఆ జీవి ఎట్టిదో బాలునిచేత తెలుగున చెప్పించి, పిదప ఆంగ్లనామము నీయవలెను. ఇంటిమాటను త్రోసివేసి నేర్పిన పరభాష నోట నిలుచునేగాని బుద్ధికెక్కదు.