నాలుగు సిలిండర్ల జాగాలో ఆరు: ఫోక్స్‌వ్యాగన్ వీఆర్6 ఇంజిన్ లోపల ఏముంది?

స్పెక్స్ మొత్తం చదివాకే ఫోన్ కొనే బ్యాచ్ మనది. అదే కారు ఇంజిన్ అయితే సీసీ, హార్స్‌పవర్ చూసి ఆగిపోతాం. లోపల సిలిండర్లు ఎలా పేర్చారో పట్టించుకోం. నా దృష్టిలో అసలు డిజైన్ అక్కడే ఉంటుంది. అందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ వీఆర్6 ఫ్యామిలీ.

ముందు సమస్య ఏంటో చూద్దాం. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజిన్‌ను సాధారణంగా అడ్డంగా బిగిస్తారు. ఆరు సిలిండర్లను ఒకే వరుసలో పెడితే పొడవు ఎక్కువై బానెట్ కింద పట్టడం కష్టం. మామూలు వీ6లో రెండు వరుసల మధ్య ఎక్కువగా 60 లేదా 90 డిగ్రీల కోణం ఉంటుంది. పొడవు తగ్గుతుంది గానీ వెడల్పు పెరుగుతుంది. పైగా సిలిండర్ హెడ్లు రెండు కావాలి.

1991లో ఫోక్స్‌వ్యాగన్ ఈ కోణాన్ని 15 డిగ్రీలకు కుదించేసింది. రద్దీ బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కాస్త ముందుకీ వెనక్కీ జరిగి సర్దుకుంటారే, సిలిండర్లు కూడా అలాగే సర్దుకున్నాయి. రెండు వరుసలూ అంత దగ్గరగా ఉండడంతో ఒకే హెడ్ సరిపోయింది. పేరులో 'వీ' అంటే వీ ఆకారం, 'ఆర్' అంటే జర్మన్‌లో వరుస.

మొదటి వెర్షన్ స్పెక్స్ ఇవీ: 2,792 సీసీ, బోర్ 81 మి.మీ., స్ట్రోక్ 90.3 మి.మీ., 12 వాల్వులు, 174 పీఎస్. యూరప్ కొరాడోలో 2,861 సీసీ, 190 పీఎస్. 24 వాల్వులతో వచ్చిన 2.8 లీటర్ల వెర్షన్ 204 పీఎస్‌కు చేరింది. గోల్ఫ్ ఆర్32లో 3,189 సీసీ, 241 పీఎస్. తర్వాతి 3.6 లీటర్ల వెర్షన్‌లో కోణం 10.6 డిగ్రీలే!

ఈ ఐడియా ఆరు సిలిండర్ల దగ్గరే ఆగలేదు. ఒక సిలిండర్ తీసేస్తే వీఆర్5. రెండు వీఆర్6లను కలిపితే డబ్ల్యూ12. రెండు వీఆర్8లను 90 డిగ్రీల కోణంలో కలిపి, నాలుగు టర్బోలు తగిలిస్తే 2005 నాటి బుగాటి వేరాన్‌లోని డబ్ల్యూ16: 7,993 సీసీ, 1,001 పీఎస్. కోడింగ్‌లో ఒక మాడ్యూల్‌ను శుభ్రంగా రాసుకుంటే పది చోట్ల వాడుకోవచ్చంటాం కదా, ఇదీ అంతే.

మరి మైనస్‌లు లేవా? ఉన్నాయి. హెడ్‌కు ఒక పక్క నుంచి గాలి లోపలికి వెళ్తుంది, రెండో పక్క నుంచి పొగ బయటికొస్తుంది. కాబట్టి ముందు, వెనక వరుసల పోర్టుల పొడవు సమానంగా ఉండదు. దీన్ని సరిదిద్దడానికి ఇంజినీర్లకు అదనపు పని. చాలామంది ఫ్యాన్స్ ఇష్టపడే ఆ ప్రత్యేకమైన సౌండ్‌కు కూడా ఈ తేడాయే ఒక కారణమంటారు.

అమెరికాలో అట్లాస్ ఎస్‌యూవీ 2023 మోడల్ వరకు 276 హార్స్‌పవర్ వీఆర్6తో దొరికింది. 2024 మోడల్‌కు వచ్చేసరికి 269 హార్స్‌పవర్ ఇచ్చే 2.0 లీటర్ల టర్బో ఒక్కటే మిగిలింది. పవర్ కాస్త తగ్గినా టార్క్ పెరిగింది. నాలుగింటి జాగాలో ఆరింటిని ఇరికించడానికి పుట్టిన ఇంజిన్‌ను చివరికి పక్కకు నెట్టింది నాలుగు సిలిండర్లే. లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే అని నేనూ ఒప్పుకుంటా. కానీ జాగా లేదన్న ఒక్క ఇబ్బందిలోంచి ఇంత పెద్ద ఫ్యామిలీని పుట్టించిన డిజైన్ నాకైతే మరొకటి కనిపించలేదు. మీ దృష్టిలో ఉంటే చెప్పండి.