వ్యాసరచనా వ్యాసంగము



ఈ దినమున నేను మనవి చేయదలచిన విషయము కవిత్వము కాదు, కథయు కాదు. తనకు తెలిసిన యొక సంగతిని ఇతరులకు తెలియునట్లు వచనమున వ్రాసి యుంచుట యను పనిని గూర్చి కొన్ని మాటలు చెప్పెదను. ఈ పనికి పారితోషికము లేదు, బిరుదము లేదు. వ్రాసినది అచ్చగునో కాదో కూడ చెప్పజాలము. అయినను చేసినవానికి ఇది గొప్ప తృప్తి నిచ్చును. సేద్యమును కుమారుల కప్పగించి, అరుగుమీద ప్రొద్దుపుచ్చు వయసు వచ్చిన మనవంటివారికి ఇంతకంటె తగిన వ్యాసంగము మరియొకటి లేదని నా నమ్మకము.

సమాసము, వ్యాసము అని రెండు మాటలు కలవు. పలు పదములను కుదించి యొకటిగా జేయునది సమాసము. విభజించి, విస్తరించి చెప్పునది వ్యాసము. పెద్దల బుద్ధిలోని జ్ఞానము తరచుగా సమాసరూపముననే యుండును. "ఈ యేడు మృగశిరలోనే నేల పదునైనది, ఇక భయము లేదు" అని రైతు ఒక్కమాట యనును. ఆ మాటలో నేల స్వభావము, విత్తనపు అదను, గడచిన యేండ్ల అనుభవము అన్నియు ఇమిడి యున్నవి. సాటి రైతునకు అంతమాత్రము చాలును. పట్టణమున చదువుకొనుచున్న మనుమనికి చాలదు. సూర్యుడు ఒక నక్షత్రమునందు ఉండు కాలమే కార్తె యనియు, అట్టివి సంవత్సరమునకు 27 అనియు, ఒక్కొక్కటి 13 లేక 14 దినములుండుననియు, మృగశిర జూను మొదటి వారము గడచునప్పటికి ప్రవేశించుననియు విప్పి చెప్పినప్పుడే అతనికి బోధపడును. ఆ విప్పి చెప్పుటయే వ్యాసరచన.

ఇందులకు మన భాషలో నొక గొప్ప దృష్టాంతము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషి యుద్యోగము చేసినవారు. ఆయన 1830 వ సంవత్సరము మే నెల 18 వ తేదీని సపరివారముగా కాశీయాత్రకు బయలుదేరిరి. కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి బోయి, గయను, కలకత్తాను, పూరీ జగన్నాథమును చూచుకొని, సముద్రతీరపు జిల్లాల మార్గమున 1831 సెప్టెంబరు 3 వ తేదీకి ఇల్లు చేరిరి. ఆ పదునైదు నెలల కాలమును ఆయన దారిలో చూచిన సంగతులను వ్రాయుచునే యుండిరి. మజిలీకి మజిలీకి దూర మెంత, బాట యెట్టిది, నీటి వసతి కలదా, అంగళ్లలో నేమి దొరకును, నదిని దాటుటకు సాధన మేమి, జనుల యాచారము లెట్టివి అను సంగతులు అందు నిండియున్నవి. ఆ వ్రాతలు మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారి కొరకు వ్రాసినవి. వీరాస్వామయ్యగారు 1836 లో గతించిరి. గ్రంథము 1838 లో అచ్చుపడెను. నూరేండ్లు దాటిన పిదప, 1941 లో, న్యాయవాదియు చరిత్రప్రియుడును అగు దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మరల ముద్రింపించిరి. ఆ కాలపు దేశస్థితిని తెలిసికొనగోరువారికి నేటికిని అది యాధారము.

తన పుస్తకమును అచ్చులో చూడని యాయనకు దక్కిన ఫల మేమి? అని మీరడుగవచ్చును. ఒక యూరిలో రాత్రి మజిలీచేసి వెళ్లిపోవు బాటసారికి ఆ యూరి బావినీరు తీయనో, ఉప్పనో అంతవరకే కావలెను. దానిని గూర్చి వ్రాయవలె ననుకొన్నవాడు ఆ బావి నెవరు త్రవ్వించిరని యడుగును, వేసవిలో నీరుండునా యని విచారించును. కాబట్టి వ్రాయువాని చూపు వేరు. అరువదియేండ్లుగా చూచుచున్న మన యూరే, వ్రాయ మొదలిడినప్పుడు క్రొత్తగా కనబడును. ఈ సుఖము అచ్చుతో నిమిత్తము లేనిది.

నా యనుభవము నొకదానిని చెప్పెదను. ఉద్యోగవిరమణము చేసిన తరువాత మా యూరి ధాన్యపు కొలతలను గూర్చి యొక వ్యాసము వ్రాయ సంకల్పించితిని. మా ప్రాంతపు లెక్క యిది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. నడుమ ఐదు తూములను ఏదుము అనియు, పది తూములను పందుము అనియు అందురు. దేశమంతటికిని మెట్రిక్ కొలతలను విధించు శాసనము 1956 లో పుట్టి, 1958 మొదలుకొని క్రమముగా అమలులోనికి వచ్చెను. కిలోగ్రాములు, క్వింటాళ్లు వచ్చి పుట్టిని, తూమును వెనుకకు నెట్టివేసినవి. నేటి బాలురకు "మా తాతకు ఏదుము గింజలు పండెను" అనిన అర్థము కాదు.

ఇంతవరకు సులభమే. కాని కుంచ మెంత యను ప్రశ్న వచ్చినప్పుడు ఊరిలోని ఇద్దరు వృద్ధులు ఏకీభవింపలేదు. ఒకరు తమ యింటి కుంచమే సరియైన దనిరి. రెండవవారు అది కూలి కొలుచు కుంచమనియు, అమ్మకపు కుంచము వేరనియు వాదించిరి. రెండు పాత్రలును అప్పటికింకను ఉండెను. రెంటిని తెప్పించి, ఒకదాని నిండ పొడి యిసుకపోసి రెండవదానిలో గ్రుమ్మరించితిమి. సోలెడు భేదము కనబడినది. ఊరివా రందరును చుట్టును మూగిరి. ఏ పనికి ఏ కుంచము, ఎందులకీ భేదము, దానివలన లాభపడిన దెవరు, నష్టపడిన దెవరు అని ఆ సాయంకాలము జరిగిన చర్చ నా కాగితములకంటె విలువైనది. ఇద్దరి మాటలను, ఎవరు చెప్పినది వారి పేరిట, వ్రాసి యుంచితిని. రెండేండ్లకు అందొకరు కాలధర్మము నొందిరి. వారి యింటి పాత్ర పాతసామానుల బండి కెక్కిపోయినది. ఇప్పుడా కుంచపు ప్రమాణము నిలిచియున్నది ఆ కాగితమునందు మాత్రమే.

"మా యూరి సంగతి యెవరికి గావలెను?" అని కొందరు సంకోచింతురు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ను ప్రకటించిరి. సాహిత్య అకాడమీవారు తెలుగున కిచ్చిన మొదటి పురస్కారము 1955 లో దానికే లభించినది. మన పూర్వులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, చేసిన వర్తకములు, ఇవియే యందలి విషయములు. వానిని ఆయన కావ్యములనుండియు, శతకములనుండియు, సామెతలనుండియు గింజగింజగా ఏరుకొనవలసి వచ్చెను. ఏలయన, సామాన్యుల దినచర్యను వచనమున వ్రాసిపెట్టినవారు ఆ కాలములలో మిక్కిలి యరుదు. మనము పది పుటలు వ్రాసియుంచినచో రాబోవు చరిత్రకారునకు ఆ శ్రమ కొంత తగ్గును.

"మాకు తీరిక యెక్కడిది?" అనువారును కలరు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగిరి చేయుచునే, 1906 లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగువారి కందిచ్చిరి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ప్రారంభించిరి. అది పూర్తికాకమునుపే 1923 లో పరమపదించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. తాను ముగింపలేని పనినైనను సంతోషముతో మొదలిడవచ్చునని దీనివలన గ్రహింపవలెను.

ఇక వ్రాయు విధానము. మొదట విషయము చిన్నదిగా నుండవలెను. "మా గ్రామచరిత్ర" అని కూర్చున్నవాడు మూడవనాడు లేచిపోవును. "మా చెరువు అలుగు" అని కూర్చున్నవాడు ముగించును. రెండవది, తాను చూచినది, ఇతరులవలన విన్నది, ఊహించినది, ఈ మూటిని వేరువేరుగా చెప్పవలెను. విన్నదానికి చెప్పినవారి పేరు తప్పక యుండవలెను. మూడవది, "పూర్వకాలమున", "చాల" అను మాటలకు బదులు సంవత్సరమును, లెక్కను వేయవలెను. తెలియనిచోట ఖాళీ విడిచిన తప్పులేదు, కల్పించిన తప్పు. నాలుగవది, వాడుకలోనున్న మాటనే వాడి, దానిని వివరింపవలెను. తూమనిన ధాన్యపు కొలతయు కావచ్చును, చెరువునీరు పొలములకు వదలు ద్వారమును కావచ్చును. ఏది చెప్పుచున్నామో చదువరికి తెలియవలెను. పాండిత్యము చూపవలె నను కోరిక నావంటి పండితులకు మెండు. వ్యాసమునం దది పనికిరాదు.

చివరిది ముఖ్యమైనది. వ్రాసినదానిని ఇంటిలో పదేండ్ల పిల్లవానికి చదివి వినిపింపుడు. వాడు "ఎందుకు?" అని యడిగినచోట గుర్తు పెట్టుడు. మరునాడు అచ్చట రెండు వాక్యములు చేర్పుడు. వాడు ప్రశ్నింపక చివరివరకు వినిన దినమున వ్యాసము పూర్తియైనట్లు. అప్పుడు పైన ఊరి పేరును, తేదీని, క్రింద మీ పేరును వ్రాసి, ఇంటిలోని పొలము కాగితముల ప్రక్కన దాచుడు. పొలము హద్దులు తెలుపు కాగితమును ఎంత భద్రముగా చూతురో, దీనినిని అంత భద్రముగా చూడవలెనని పిల్లలకు చెప్పుడు.

వచ్చు వేసవిలోగా ఒక్కొక్కరు ఒక్క వ్యాసమైనను ముగింతురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.