అభిమానికి కాపలా అభిమానే

సినిమా బాగాలేదని అవతలి హీరో అభిమాని అంటే గొడవ. అదే మాట సొంత అభిమాని అంటే విచారణ. "అసలు నువ్వు మనోడివేనా?" అని మొదలవుతుంది. 2016 ఆగస్టులో కోలారులో ఇద్దరు హీరోల అభిమానుల మధ్య గొడవలో తిరుపతి యువకుడు హత్యకు గురైతే పత్రికలన్నీ రాశాయి. ఒకే హీరో అభిమానుల మధ్య రోజూ నడిచే ఈ విచారణ మాత్రం వార్త కాదు. నస్పూర్, శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల నుంచి యూనివర్సిటీ హాస్టళ్ల దాకా దీన్ని చూడని విద్యార్థి ఉండడు. సినిమా పిచ్చి అని కొట్టిపారేస్తే ఇందులో కులం ఎక్కడ కూర్చుందో మనకు కనబడదు.

సంఘం ఎందుకు కావాలి?

సినిమా హాలులో సీటు కులాన్ని బట్టి కాకుండా టికెట్ ధరను బట్టి దొరుకుతుంది. అన్ని కులాలనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన చోటు ఇదేనని తమిళ సినిమాపై 1981లో వచ్చిన పుస్తకంలో కార్తిగేసు శివత్తంబి గుర్తించారు. ఆ సమానత్వం ఎంత పలచనిదో పదేళ్లకే చుండూరు చూపించింది. సినిమా హాల్లో దళిత యువకుడి కాలు రెడ్డి యువకుడికి తగిలిందన్న గొడవతో ఊళ్లో ఉద్రిక్తత మొదలైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేశారు.

అందుకే వాడ పిల్లలకు అభిమాన సంఘం చిన్న విషయం కాదు. మెయిన్ రోడ్డు ఫ్లెక్సీలో తన బొమ్మ ఉంటుంది, పేరు కింద హోదా ఉంటుంది, థియేటర్ వాళ్లతో చనువు దొరుకుతుంది. ఊరు ఇవ్వని గుర్తింపు అది. పోగొట్టుకోవడానికి అంత విలువైనది ఉంది కాబట్టే, తీసేస్తామన్న బెదిరింపు పనిచేస్తుంది.

కాపలా ఎలా నడుస్తుంది?

మొదటి సాధనం హోదా. పట్టణ, జిల్లా, రాష్ట్ర అధ్యక్షులంటూ నిచ్చెన ఉంటుంది. హీరోతో ఫోటో, ఫంక్షన్ పాసులు, ఫ్లెక్సీలో బొమ్మ సైజు పైనుంచి కిందికి పంపిణీ అవుతాయి. వాటి కోసం ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు.

రెండోది 'మంచి అభిమాని' అనే కొలబద్ద. చిరంజీవి అభిమానుల మీద 2009లో పుస్తకం రాసిన ఎస్.వి. శ్రీనివాస్, అభిమానంలో భక్తితో పాటు ధిక్కారం కూడా ఉంటుందని చాలాకాలంగా చెబుతున్నారు. అభిమాని హీరోను పూజిస్తాడు, తనకు నచ్చినట్టు లేకపోతే నిలదీస్తాడు కూడా. ఇలాంటి యువకులకు 'రౌడీలు' అన్న ముద్ర పడింది. 1998లో చిరంజీవి ట్రస్టు బ్లడ్ బ్యాంకు మొదలయ్యాక రక్తదానం అభిమాన సంఘాల ప్రధాన కార్యక్రమమైంది. దానివల్ల ప్రాణాలు నిలిచాయి, సందేహం లేదు. అయితే క్రమశిక్షణ గలవాడెవడు, సంఘం పరువు తీసేవాడెవడు అని తేల్చే అధికారం కూడా కొందరి చేతికి వచ్చింది.

మూడోది విధేయత పరీక్ష. దీని నుంచి హీరోల కుటుంబమూ తప్పించుకోలేదు. 2015లో చిరంజీవి అరవయ్యో పుట్టినరోజు వేడుకలో పవన్ కల్యాణ్ పేరుతో కేకలు ఆగకపోతే నాగబాబు వేదిక మీదే అభిమానులను మందలించారు. 2016లో పవన్ గురించి చెప్పమని అభిమానులు పట్టుబడితే అల్లు అర్జున్ "చెప్పను బ్రదర్" అన్నారు. ఆ రెండు మాటల మీద తగువు ఏళ్లపాటు నడిచింది. అల్లు అర్జున్‌కే ఇలా ఉంటే పట్టణ సంఘంలో ఫ్లెక్సీ కట్టే కుర్రాడి సంగతి చెప్పాలా? అతన్ని వాట్సాప్ గ్రూపు నుంచి తీసేస్తారు, స్క్రీన్‌షాట్లు తిప్పుతారు, 'ఫేక్ ఫ్యాన్' అంటారు, 'కోవర్టు' అంటారు.

ఉత్తర తెలంగాణ అభిమాని ఇంకో పరీక్ష కూడా ఎదుర్కొన్నాడు. 2012 అక్టోబరులో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' తెలంగాణ ఉద్యమాన్ని కించపరిచిందని ఇక్కడ నిరసనలు లేచాయి. ప్రదర్శనలు ఆగాయి, కొన్ని దృశ్యాలు తీసేయాల్సి వచ్చింది. అప్పుడు సినిమాను సమర్థిస్తే తెలంగాణ ద్రోహి, తప్పుపడితే హీరో ద్రోహి. రెండూ నిజంగా ప్రేమించినవాడికి నిలబడే చోటు ఎవరూ ఉంచలేదు.

'మనోడు' అంటే ఎవరు?

తెలుగు అగ్ర హీరోల్లో ఎక్కువమంది కమ్మ, కాపు కుటుంబాల నుంచి వచ్చినవారే. హీరో కులస్తుడైన అభిమానికి 'మనోడు' అన్న మాట పుట్టుకతో దొరుకుతుంది. అతను సినిమాను తిట్టినా అది ఇంటివాడి కోపం. దళిత అభిమాని ఆ మాటను ప్రతి రిలీజుకీ కొత్తగా సంపాదించుకోవాలి. పాలాభిషేకం, బ్యానర్లు, రక్తదానం అన్నీ అతను చేయవచ్చు. సినిమాలో దళిత పాత్రను ఎందుకలా చూపించారని అడిగితే మాత్రం "ఇక్కడికి కులం తేకు" అంటారు. కులం అప్పటికే అక్కడ ఉందన్నదే అసలు సంగతి.

లోపల అలవాటైన ఈ పద్ధతే బయటివాళ్ల మీదికీ వస్తుంది. పవన్ కల్యాణ్‌ను విమర్శించినందుకు దళిత సినీ విమర్శకుడు కత్తి మహేశ్ నెలల తరబడి దూషణలు, ఫోన్ల తాకిడి భరించారు. 2018 జనవరిలో హైదరాబాద్‌లో ఆయన మీద కోడిగుడ్లతో దాడి జరిగింది. 2020లో జూనియర్ ఎన్టీఆర్ కంటే మహేశ్ బాబు ఇష్టమన్నందుకు నటి మీరా చోప్రాకు అత్యాచార బెదిరింపులు వచ్చాయి. ఆడవాళ్ల విషయంలో శిక్ష వాళ్ల శరీరం మీదికే వెళుతుంది.

సినిమాలు చూడొద్దని వాడ పిల్లలకు చెప్పడం మన పని కాదు. విజిల్ వేసే హక్కు కూడా పోరాడి తెచ్చుకున్నదే. చేయాల్సింది, ఆ విజిల్‌తో పాటు ప్రశ్నకూ చోటు అడగడం. విద్యార్థి సంఘాలకూ, మన అంబేద్కర్ సంఘాలకూ ఇదే కొలత వర్తిస్తుంది. నాయకుణ్ణి ప్రశ్నించిన సభ్యుడు మర్నాడు మీటింగుకి వస్తే, అతనికి కుర్చీ వేస్తున్నామా లేదా?