ప్రవాస రచయితకు పాఠకు డెవరు? భిలాయి క్యాంప్ 2 తెలుగువారు, ఆస్ట్రేలియా రచయితలు

ఒక భాషలో వ్రాయువారందరును ఆ భాషకు నడిగడ్డయైన చోట నివసింపరు. పత్రికలు, ప్రచురణ సంస్థలు, విమర్శకులు, బహుమానములు ఒకచోట గుమిగూడి యుండును. రచయితలలో కొందరు మాత్ర మాచోటికి వందల మైళ్ళ దూరమున, మఱొక భాష నడుమ, వేఱొక వృత్తితో పొట్ట పోసికొనుచు వ్రాయుచుందురు. మన సాహిత్యచరిత్రలు ఇట్టివారిని రాష్ట్రేతరాంధ్ర రచయితలను శీర్షిక క్రింద చేర్చి, పేర్ల పట్టిక యిచ్చి విడుచుట పరిపాటి. వారి స్థితిలోని విశేష మేమి, అందువలన వారికి కలిగెడు లాభనష్టము లెట్టివి అను విచారణ అరుదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరమును, అందును క్యాంప్ 2 అను కార్మికవాడను ఉదాహరణముగా గైకొని ఆ విషయ మిచట పరిశీలింపబడుచున్నది. పోలికకై ఆస్ట్రేలియా రచయితల యనుభవమును తోడు తెచ్చుకొనుటకు కారణము కలదు. సాహిత్యకేంద్రమునకు దూరముగా నుండి వ్రాయుటలోని సాధకబాధకములను నూఱేండ్లకు పైగా బహిరంగముగా చర్చించుకొన్న జాతి అది.

భిలాయి కర్మాగార స్థాపనకు భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955 ఫిబ్రవరి 2న ఒడంబడిక జరిగెను. నాలుగేండ్లు తిరిగినంతనే, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఇంత స్వల్పకాలములో ఇంత పని సాగుటకు కావలసిన జనము దుర్గ్, రాయపూర్ పల్లెలనుండి మాత్రమే వచ్చినది కాదు. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ మీదుగా రాయపూరునకు రైలుమార్గము 1931 నాటికే పూర్తియై యుండెను. ఆ మార్గముననే ఉత్తరాంధ్రపు కూలీలును, మేస్త్రీలును, కొంత చదివిన యువకులును భిలాయి చేరిరి. ఖరగ్‌పూరునకు రైల్వే వర్క్‌షాపు తెలుగువారిని తెచ్చినట్లు, ఇచటికి ఉక్కు తెచ్చినది.

కర్మాగార నిర్మాణకాలమున కార్మికుల కేర్పడిన వసతులు క్యాంపులు. స్థిరోద్యోగుల కాలనీలకు సెక్టార్లని సంఖ్యలు వచ్చినవి. భిలాయి పవర్ హౌస్ రైల్వేస్టేషను పరిసరమున నున్న క్యాంప్ 1, క్యాంప్ 2 లకు ఆ తాత్కాలికపు పేళ్ళే నిలిచిపోయినవి. నిర్మాణము ముగిసినను క్యాంపు ఎత్తివేయబడలేదు; అంగళ్ళు, గుళ్ళు, బడులు వెలసి ఊరైనది. తాత్కాలికమను అర్థముగల పదము మూడు తరముల వారికి జన్మస్థలనామ మగుట భాషాశాస్త్రజ్ఞులకు వినోదము గొలుపవచ్చును గాని, అచటి రచయిత మనఃస్థితిని తెలుపుటకు అంతకంటె తగిన పదము దొరకదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమును, భిలాయి చేరిన మధ్యప్రదేశమును ఒకే దినమున ఏర్పడినవి. భాషాప్రయుక్త రాష్ట్రములు ఒకవంక తెలుగువారికి ఇల్లు కట్టి యిచ్చుచుండగా, మఱొకవంక ఆ యింటి వెలుపల నిలిచినవారి సంఖ్యయు లెక్కకు వచ్చినది. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన జరుపుటకు వలయు వసతులు కల్పింప యత్నింపవలెనను 350-ఎ అధికరణము అదే సంవత్సరమున ఏడవ సవరణద్వారా రాజ్యాంగమున చేరెను. యత్నింపవలె ననుటకును జరిగి తీరవలె ననుటకును భేదము కలదు. భిలాయిలో ఉద్యోగమునకును, పైచదువునకును దారి హిందీ, ఇంగ్లీషులద్వారానే యుండుటచే, బిడ్డ తెలుగు అక్షరములు నేర్చుట తలిదండ్రుల పట్టుదల కొలది జరిగెడు పని అయ్యెను. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడిన పిమ్మటను ఈ స్థితిలో మార్పు రాలేదు.

రచయితకు వచ్చెడు చిక్కు ఇచటనే మొదలగును. ఉత్తరాంధ్రమునుండి పోయిన మొదటితరము వాడు తెలుగు మాటాడును. అందులో చదువ నేర్చినవారు కొందరే. ఆతని మనుమడు చదువ నేర్చినవాడే గాని, ఆ చదువు నాగరీలిపిలోనిది. తెలుగు వినును, మాటాడును. తెలుగు పుటను మాత్రము బొమ్మను చూచినట్లు చూచును. తాను ఎవరిని గూర్చి వ్రాయుచున్నాడో వారు తన రచనను చదువజాలరు. చదువగలవారు విజయవాడలో, హైదరాబాదులో ఉందురు. వారికి కోక్ ఓవెనుల వేడి, దల్లీ రాజహరా ఖనిజపు ఎఱ్ఱధూళి, నాగపూరు పోవు రైలుకై పవర్ హౌస్ స్టేషనులో నిరీక్షణ తెలియవు. తెలిసినవాడు చదువలేడు, చదువగలవానికి తెలియదు. ప్రవాస రచయిత బాధలన్నింటికిని మూలమిది. ధనాభావము, ప్రచురణలో జాప్యము, విమర్శకుల ఉపేక్ష దీని తరువాతివి.

ఆస్ట్రేలియా రచయిత కిట్టి బాధ లేదా? సగము కలదు. ఆతని భాష ఇంగ్లీషే. ప్రక్కయింటివాడు ఆతని పుస్తకమును చదువగలడు. కాని చాలకాలము ఆ పుస్తకము లండనులోనో ఎడిన్‌బరోలోనో అచ్చు కావలసి యుండెను. మైల్స్ ఫ్రాంక్లిన్ తొలి నవల 'మై బ్రిలియంట్ కెరీర్' 1901లో ఎడిన్‌బరోకు చెందిన బ్లాక్‌వుడ్ సంస్థ ద్వారానే వెలువడినది. దానికి పీఠిక వ్రాసిన హెన్రీ లాసన్ అంతకు రెండేండ్ల ముందు, 1899లో, ఆస్ట్రేలియాలో సాహిత్యవృత్తి యెట్టిదో 'బులెటిన్' పత్రికలో చేదు హాస్యముతో వ్రాసెను. తన రాబడిని లెక్కగట్టి చూపి, యువరచయిత ఎట్లైనను ఓడయెక్కి లండనుకో అమెరికాకో పోవుట మేలని ఆయన సారాంశము. తానును 1900లో లండను పోయి, 1902లో తిరిగి వచ్చెను. తరువాతి జీవితము మద్యము, అప్పులు. భార్యాబిడ్డల పోషణవ్యయము చెల్లింపనందుకు చెఱసాలవాసము. 1922లో ఆయన మరణింపగా ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. రచయితను గౌరవించుటకు ఆతడు పోవువఱకు వేచియుండు అలవాటు తెలుగునాట మాత్రమే కలదనుకొనుట పొరపాటు.

దూరమువలన కలిగెడు మనోదౌర్బల్యమునకు ఎ. ఎ. ఫిలిప్స్ అను విమర్శకుడు 1950లో 'మీన్‌జిన్' పత్రికలో 'కల్చరల్ క్రింజ్' అని పేరు పెట్టెను. సాంస్కృతికమైన ముడుచుకొనుట యని దాని నర్థము చెప్పవచ్చును. వ్రాయుచున్నంతసేపు భుజముమీదుగా లండను పాఠకుడు తొంగిచూచుచున్నట్లు భావించి, ఆతనికి తెలియని ప్రతిమాటకును సంజాయిషీ చెప్పుకొనుట దాని లక్షణము. భిలాయి రచయితకు ఈ పరీక్ష ప్రతివాక్యమునను ఎదురగును. కార్మికులు ఠేకేదారు అందురు. అట్లే వ్రాయవలెనా, కాంట్రాక్టరని మార్చవలెనా? పాత్ర సగము ఉత్తరాంధ్రపు యాసలో మొదలిడి, ఛత్తీస్‌గఢీ పలుకుతో ముగించిన మాటను శిష్టభాషలోనికి త్రిప్పినచో మనిషియే మాయమగును. త్రిప్పనిచో సంపాదకుడు కథను త్రిప్పి పంపును. కుండలీకరణములలో అర్థములు చేర్చుట మధ్యేమార్గముగా తోచును గాని, కథ చదువుచున్నవానికి నిఘంటువు చదువుచున్న భావము కలిగించుట తప్ప దానివలన ప్రయోజనము స్వల్పము. ఆస్ట్రేలియాలో ఈ చిక్కును తీర్చినది ధైర్యము మాత్రమే కాదు, పత్రిక. 1880లో సిడ్నీలో వెలసిన 'బులెటిన్' గొఱ్ఱెల కాపరుల, దేశద్రిమ్మరుల పలుకుబడిని అర్థవివరణ లేకుండ అచ్చువేసి, ఆ పాఠకులనే తన కాశ్రయముగా చేసికొన్నది. తెలుగులో స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాటు సరస్సు తీరపు పలుకుబడితో మన్నన పొందుట చూడగా, అంచులలోని తెలుగునకు నడిగడ్డ పాఠకుడు చెవి యొగ్గడన్న భయము పూర్తిగా నిజము కాదని తెలియుచున్నది.

ఇక జీవిక. సాహిత్యముచే జీవించుట తెలుగులో నడిగడ్డవారికే దుర్లభము. సినిమాకు పోనివారు ఉద్యోగమునకు పోవలసినదే. రచయిత తన సొమ్ముతో పుస్తకమును అచ్చు వేయించుకొని మిత్రులకు పంచుట సామాన్యమైన దృశ్యము. ఆస్ట్రేలియాలో గ్రంథాలయములలోని ప్రతులకుగాను రచయితలకు ప్రతిఫల మిచ్చెడు పద్ధతి 1970లలో ఏర్పడెను. మైల్స్ ఫ్రాంక్లిన్ తన మరణశాసనముద్వారా ఏర్పఱచిన బహుమానము 1957 సంవత్సరమునుండి ఇయ్యబడుచున్నది. ప్యాట్రిక్ వైట్ 1973లో తనకు వచ్చిన నోబెల్ ధనముతో, తగిన గుర్తింపు పొందని రచయితలకై వేఱొక బహుమానమును నెలకొల్పెను. భిలాయి రచయిత కిట్టి ఆశ్రయము లేదు, కాని జీతము కలదు. అది చిన్న లాభము కాదు; లాసనుకు లేనిది అదే. ఆ జీతమునకు వెల మూడు షిఫ్టులు. పగలు, సాయము, రాత్రి వంతులుగా మారుచుండు పనివేళలలో ఒక నవలను నెలల తరబడి మనసున నిలుపుకొనుట కష్టము. చిన్నకథ, గేయము, ఏకాంకిక ఇట్టి జీవితమునకు ఒదిగెడు రూపములు.

ప్రవాసమువలన కలిగెడు లాభములలో మొదటిది వినికిడి. క్యాంప్ 2 వీధిలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, భోజ్‌పురి ఒకే కొళాయివద్ద వినవచ్చును. భిలాయికి సమీపమున గనియారీ గ్రామమున పుట్టి, భిలాయి కర్మాగారమున ఉద్యోగము చేసిన తీజన్ బాయి తంబూర చేతబట్టి పాడు పండవానీని విన్న తెలుగువాడు బుఱ్ఱకథను తలచుకొనక మానడు. కథకురాలు నిలిచి, నడచి, తంబూరనే గదగా విల్లుగా మార్చుచు భారతకథ చెప్పును. ప్రక్కనున్న వంతపాటవాడు ఊఁకొట్టుచు ప్రశ్నించును. ఈ రెండు కళలను ప్రక్కప్రక్కన నిలిపి చూడగల స్థానము గుంటూరులోనివానికి లేదు. రెండవ లాభము ఏకాంతము. త్రిపుర యను కలముపేరుతో వ్రాసిన రాయసం వేంకట త్రిపురాంతకేశ్వరరావు ఉద్యోగకాలము చాలభాగము అగర్తలాలో గడపెను. (ఆ కలముపేరు ఆ రాష్ట్రమునుండి కాక, సొంతపేరునుండి వచ్చినది.) ఆయన వ్రాసినవి కొద్ది కథలే, వాటిపై సమకాలిక తెలుగు కథారీతుల ఒత్తిడి కానరాకుండుటలో ఆ దూరమునకును పాలు కలదని ఊహింపవచ్చును.

చుట్టునున్నవారి భాషలోనే వ్రాసినచో చిక్కు తీరదా? అట్లు చేసినవారు కలరు. భిలాయికి పడమటనున్న రాజనందగావ్‌లో 1958 నుండి అధ్యాపకుడుగా నుండిన గజానన్ మాధవ్ ముక్తిబోధ్ మాతృభాష మరాఠీ. ఆయన ఆధునిక హిందీ కవులలో అగ్రగణ్యుడు. ఆయన తమ్ముడు శరచ్చంద్ర ముక్తిబోధ్ మరాఠీలోనే వ్రాసి అచట ప్రసిద్ధుడయ్యెను. ఒకే తల్లి బిడ్డలు రెండు సాహిత్యములకు చెందిరి. తెలుగువారిలో బాలశౌరిరెడ్డి హిందీ నవలాకారుడుగా పేరొందెను. ఆలూరి బైరాగి రెండు భాషలందును కవిత్వము చెప్పెను. ఆస్ట్రేలియాలోను ఇట్టి ఉదాహరణము కలదు. గ్రీసునుండి 1950ల ఆరంభమున మెల్‌బోర్న్ చేరి బడిపంతులుగా పనిచేసిన దిమిత్రిస్ త్సలూమాస్ ఎన్నో ఏండ్లు గ్రీకులోనే వ్రాసెను. 1983లో 'ది అబ్జర్వేటరీ' పేర ఆయన గ్రీకు కవితలు ఇంగ్లీషు అనువాదముతో ఎదురెదురు పుటలలో వెలువడిన పిమ్మటనే ఆ దేశమువారికి తమ నడుమ ఒక పెద్దకవి యున్నాడని తెలిసినది. తరువాత ఆయన ఇంగ్లీషులోను వ్రాసెను. తెలుగు, నాగరి ఎదురెదురుగా నుండు ఇట్టి పుస్తకము భిలాయి రచయితకు అన్నింటికంటె ఎక్కువ అవసరము. తాతయు మనుమడును ఒకే పుస్తకమును తెఱచి కూర్చుండగలుగుదురు.

అట్టి పుస్తకములు లేనిచోట ఆ పనిని చేసినది నాటకము. భిలాయి తెలుగువారి సంఘము పేరు ఆంధ్ర సాహిత్య సమితి. సెక్టార్ 5లోని బాలాజీ మందిరమును నడుపునది ఆ సమితియే. సాహిత్యమును పేరున నిలుపుకొన్న సంస్థ ఆలయమును నడుపుట చూచి ఆశ్చర్యపడ నక్కఱలేదు. అక్షరము రానివారు కూడ చేరగల తావు గుడి, రంగస్థలము. ప్రవాసాంధ్రులలో నవలకంటె నాటకమునకు ఆదరము హెచ్చుగా నుండుటకు ఉత్సవప్రియత్వము కారణమని చెప్పుట తేలికయైన మాట. ప్రేక్షకునికి లిపి అక్కఱలేకుండుట అసలు కారణము.

నటునికి మాత్రము లిపి కావలెను. తెలుగు చదువ నేర్వని యువకుడు తన సంభాషణలను నాగరిలో వ్రాసికొని వల్లించుట ప్రవాస రంగస్థలములకు క్రొత్త కాదు. ఇట్టి వ్రాతప్రతులను సేకరింపవలసినవారు వాటిని అశుద్ధప్రతులని పాఱవేయరాదు. హిందీవారు వ్రాయు నాగరిలో హ్రస్వ ఎకార, ఒకారములకు వేఱు గుర్తులు లేవు. అందు 'మెడ'యు 'మేడ'యు ఒకే రూపము. 'నెల'యు 'నేల'యు అంతే. ఐనను క్యాంప్ 2లో పెరిగిన కుఱ్ఱవాడు ఆ ప్రతిని చేతబట్టి 'మెడ' యనవలసినచోట 'మేడ' యనడు. ఆ భేదము కాగితముమీద లేదు. ఇంట అమ్మమ్మ మాటలో వినియున్నాడు.